ఆది జాకెట్టు

పరాంకుశం గారిని ఎవరైనా ప్రశ్న అడిగితే, ముందు వాళ్ళకో చింతపండు బుట్ట ఇస్తారు. గింజలు తీస్తూ వినాలి. అందువల్ల మా ఆశ్రమంలో జ్ఞానం ఏపాటి పోగైందో తెలియదు గానీ, చింతపండుకు మాత్రం ఏనాడూ లోటు లేదు. ఆ రోజు బుట్ట శేషాచలపతి వంతుకు వచ్చింది. అతను మహా సత్యసంధుడు. పులుసు ఎలా ఉందని వంటాయన అడిగితే, ఇంకో ముద్ద తిని, ఆలోచించి మరీ బాగాలేదని చెప్పేవాడు. ఆశ్రమం బడిలో పిల్లలకు అక్షరాలు దిద్దించే పని అతనిదే. పిల్లలు ఒక్కొక్కరే మానేస్తున్నారు.

"వంకరగా రాసినదాన్ని బాగుంది అనలేను గురువుగారూ. బాగాలేదంటే మర్నాడు రావడం లేదు. నేర్చుకునేవాళ్ళకు నిజం చెప్పాలా, ధైర్యం చెప్పాలా?" అన్నాడతను.

"గింజ వదిలేశావు, చూసుకో" అని, గురువుగారు ఈ సంగతి చెప్పారు.

వరహాలమ్మ అనే ఆవిడకు జబ్బు చేస్తే ఆస్పత్రిలో ఎడమ రొమ్ము తీసేశారు. గాయం మానింది గానీ ఆవిడ గడప దాటడం కూడా మానేసింది. భర్త చొక్కా వేసుకుని, పైన తువ్వాలు కప్పుకుని ఇంట్లోనే తిరిగేది. కొత్త జాకెట్టు కుట్టించుకుందామంటే, దర్జీ అందరినీ అడిగినట్టే కొలతకు ఆది జాకెట్టు తెమ్మంటాడు. ఆదికి పనికొచ్చే జాకెట్టు ఆవిడ దగ్గర ఇక లేదు. పోనీ పరాయి మనిషి టేపు ముందు నిలబడదామంటే మనసు ఒప్పలేదు. ఇంతలో జబ్బు ఎముకల్లోకి దిగిందన్నారు డాక్టర్లు. చెల్లెలి కూతురి సీమంతం దగ్గరపడింది. తన చేతుల్లో పెరిగిన పిల్ల. నలుగురిలాగా చీర కట్టుకుని వెళ్ళి దాని చేతులకు గాజులు తొడగాలి, ఆ తర్వాత ఏమైనా కానీ అన్నది ఆవిడ కోరిక.

"నువ్వు కుట్టవే" అంది కూతురు హైమతో.

"నాకు సూదిలో దారం ఎక్కించడమే రాదమ్మా."

"నాకూ రాదు. ఇద్దరం ఉన్నాంగా!"

పక్కింటావిడ తన మిషను ఇచ్చి, తొక్కడం, కత్తిరించడం చూపించి వెళ్ళింది. వరహాలమ్మ గోడకు దిండు పెట్టుకుని పక్కనే కూర్చునేది. చిరిగిన దుప్పటి ముక్కల మీద హైమ కుట్టు వేస్తే, అది ఎటో బయలుదేరి ఎటో తేలేది. తల్లి దాన్ని వెలుతురుకేసి పట్టి చూసి, "వంకరపోతే పోయింది, ఊరు చేరిందిగా! బాగుంది, ఇంకోటి వెయ్యి" అనేది. సూది గోట్లో దిగి హైమ ఏడిస్తే, వేలికి గుడ్డ చుట్టి, "అయిందమ్మా, ఇంక నువ్వు దర్జీవే" అనేది. దారం తెగినా బాగుంది, చిక్కుపడినా బాగుంది. "నీకు ఏదైనా బాగుంటుంది పో" అని హైమ విసుక్కునేది. విసుక్కుంటూనే ఇంకో ముక్క తీసేది.

సీమంతం ఇంకా కొద్ది రోజులుందనగా జాకెట్టు పూర్తయింది. వరహాలమ్మ తొడుక్కుని అద్దం ముందు నిలబడింది. కుడివైపు అతికినట్టు కుదిరింది. ఎడమవైపు గుడ్డ ఖాళీగా ఉబ్బి, ముడతలు పడి వేలాడింది. హైమ కొలతలన్నీ పాత జాకెట్టు నేల మీద పరిచి తీసింది. ఆపరేషన్ అయిన దగ్గర్నుంచి ఆ పిల్ల తల్లి ఎదను చూసి ఎరగదు. కట్టు మార్చేటప్పుడు కూడా మొహం తిప్పుకునే దూది అందించేది.

ఎప్పుడూ వినే మాట కోసం హైమ ఎదురుచూసింది. వరహాలమ్మ ఆ మాట అనలేదు. జాకెట్టు విప్పి ఒళ్ళో పెట్టుకుని, అలాగే కూర్చుని, టేపు కూతురి చేతిలో పెట్టింది.

"కుట్టు కుదిరింది. కానీ ఇది నాది కాదే. ఆ పాత మనిషిది. ఆవిడ ఇక రాదు. నన్ను కొలువు."

హైమ కళ్ళు మూసుకుంది.

"కళ్ళు మూసుకుని కొలిస్తే చేతులు తీసుకెళ్ళి వీపుకు కుడతావు. చూడవే! నేను రోజూ చూస్తున్నాగా."

హైమ చూసింది. ఎముకల మీద లాగి పరిచినట్టున్న చర్మం, దాని మీద అడ్డంగా, ఎగుడుదిగుడుగా కుట్ల మచ్చ.

"ఆ డాక్టరుకంటే నీ చెయ్యే నయం, చూశావా?" అంది తల్లి. హైమ టేపు ఆనించింది.

రెండో జాకెట్టుకు ఎడమవైపు టక్కులు వేయలేదు. చదునుగా ఉంచి, మచ్చ ఒరుసుకోకుండా లోపల మెత్తటి నూలుచీర ముక్క వేసింది. సీమంతంలో ఒకావిడ అదేపనిగా చూస్తుంటే, "ఏం చూస్తున్నావు వదినా? మా అమ్మాయి కుట్టింది. నీకూ ఓటి కుట్టమంటావా?" అని, వరహాలమ్మ పిల్ల చేతులకు గాజులు తొడిగింది.

ఆవిడ బయటికి వెళ్ళడం అదే ఆఖరు. మనిషి తరిగిపోతూ ఉంటే హైమ మళ్ళీ కొలిచేది, మళ్ళీ కుట్టేది. ప్రతిసారీ గుడ్డ ఇంకాస్త మిగిలేది. పోయిననాడు స్నానం చేయించిన ఆడవాళ్ళు, బిగుసుకున్న చేతులకు జాకెట్టు ఎక్కదు, చీర చుట్టేస్తే చాలన్నారు. హైమ వినలేదు. జాకెట్టును వీపు మధ్యకు కత్తిరించి, రెండు చేతులూ ఎక్కించి, తల్లిని పక్కకు తిప్పమని, ఒంటి మీదే సూదితో కలిపి కుట్టింది. ఎక్కడా చూపు తిప్పుకోలేదు. కుట్టు తిన్నగా వచ్చింది.

శేషాచలపతి చేతులు ఎప్పుడో ఆగిపోయాయి. అయినా సత్యసంధుడు కదా, ఊరుకోలేకపోయాడు.

"అయితే గురువుగారూ, అన్నాళ్ళూ బాగుంది, బాగుంది అన్నది అబద్ధమేగా? నిజం చెప్పాకేగా జాకెట్టు కుదిరింది?"

గురువుగారు బుట్టలోంచి అతను వదిలేసిన గింజ ఒకటి ఏరి పక్కన పెట్టారు.

"నిజం చెప్పాకే కుదిరింది నాయనా. చెప్పేనాటికి పిల్ల ఇంకా పక్కనే కూర్చుని ఉంది" అన్నారు.