నాంచారు కేకేసిన పూలు

అనగనగనగా ఏటి ఒడ్డున ఒక ఊరు. ఆ ఊళ్ళో నూలుకి రంగులేసే గురవయ్య ఉండేవాడు. ఆయనకి తల్లిలేని పిల్ల ఒక్కతే, పేరు నాంచారు. నీ అంతే ఉంటుంది, కానీ నీలాగా పక్క మీద గంతులేసేది కాదు.

ఏళ్ళ తరబడి రంగు మరిగే కాగుల ఆవిరికి గురవయ్య కళ్ళకి పొర కమ్మింది. ఆ సంగతి నాంచారుకి తప్ప ఇంకెవరికీ తెలియదు. తెలిస్తే రంగుల పనికోసం ఆ ఊరి దొరసాని ఇచ్చిన ఇల్లూ కాగులూ పోతాయి. అందుకని నూలు రంగు తిరగ్గానే నాంచారు నాన్న మోచెయ్యి తట్టేది, ఆయన నూలు తీసేవాడు. నోటితో చెప్పొచ్చుగా అంటావేమో. కాగు మరుగుతుండగా రంగు పేరు పలికితే రంగు అలుగుతుందని వాళ్ళ నమ్మకం.

అప్పుడు దొరసాని అమ్మవారి చీరకి పసుపు నూలు పంపింది. దాని రంగు పసుపూ కాకూడదు, ఎరుపూ కాకూడదు, రెంటికీ మధ్యన ఉండాలంది. అప్పటికే ఇద్దరు రంగులవాళ్ళు నూలు పాడుచేసి ఊరొదిలి పోయారు. గురవయ్య మూడోవాడు. ఈసారి దొరసాని తనే వచ్చి కూర్చుంది. అమ్మవారి కాగు దగ్గర పిల్లలేమిటని నాంచారుని గుమ్మం బయటికి పంపేసింది.

గురవయ్య నూలుని ఎర్రవేరు నీళ్ళలో ముంచాడు. ఎరుపెక్కిన నూలు మళ్ళీ వెనక్కి రాదు. మోచెయ్యి తట్టే మనిషి లేదు. గురవయ్య కర్ర తిప్పుతూనే ఉన్నాడు. నాంచారు గుమ్మంలోంచి ఆ నూలునే చూస్తోంది.

రంగు పేరు పలకకూడదు సరే, పూల పేరు పలకొద్దని ఎవరూ అనలేదుగా. అప్పుడు నాంచారు పూలమ్మే దానిలా కేకేసింది. "తంగేడు పూలమ్మా, తంగేడు పూలు."

తంగేడు పూలు కొనే వెర్రిబాగులది ఎవరో అని దొరసాని మొహం చిట్లించింది. గురవయ్య మాత్రం చెవి రిక్కించాడు.

ఆ తర్వాత "బంతిపూలమ్మా, బంతిపూలు" అని వినపడింది. దొరసాని నోరు ముయ్యమంది. నాంచారు ముయ్యలేదు. ఇంకొక్క క్షణం దాటితే మందారమే, ఆపైన ఇల్లూ ఉండదు, వాకిలీ ఉండదు. రెప్ప వెయ్యకుండా చూసి చూసి, గొంతు చించుకుని అరిచింది.

"కనకాంబరాలమ్మా, కనకాంబరాలు."

గురవయ్య ఒక్క ఊపున నూలు పైకెత్తేశాడు.

అడిగిన రంగు అడిగినట్టే వచ్చింది. కానీ దొరసాని కోపం చల్లారలేదు. ఆ అరిచిన పిల్లని చింతబరికెతో నాలుగు తగిలించమని నౌకరుకి చెప్పింది. గురవయ్య ఊరుకుంటే ఇల్లు నిలుస్తుంది. ఊరుకోలేకపోయాడు.

"కొట్టించకండమ్మా. నాకు చూపు పోయి రెండేళ్ళయింది. ఈ రంగు తీసింది నా బిడ్డ గొంతు."

దొరసాని నూలు వంకా పిల్ల వంకా మార్చి మార్చి చూసింది. ఆ తర్వాత నౌకరు చేతిలో బరికె తీసి పొయ్యిలో పడేసింది. ఈ రంగుని ఏమని పిలుద్దామే అని నాంచారునే అడిగింది. పిల్ల వెక్కుతూ కనకాంబరమంది. ఇల్లూ కాగులూ మీవేననీ, ఇకనుంచి పిల్ల కాగు పక్కనే ఉండాలనీ దొరసాని చెప్పింది. గురవయ్య కూతుర్ని పట్టుకుని, రెండేళ్ళుగా దాచుకున్న ఏడుపంతా ఏడ్చేశాడు.

అప్పటినుంచీ ఆ రంగు కనకాంబరం రంగే.

కథేమో కంచికి, మనమేమో ఇంటికి,
కనకాంబరం కొప్పుకి, కునుకేమో కంటికి.