వీధి మలుపు దాకా వెళ్లొచ్చిన బండి

ఆ రాజ్యంలో అద్దె బండి కావాలంటే పేర్రాజు కొట్టానికే పోవాలి. ఇచ్చేటప్పుడు రంగు పూసి, బండి పెళ్లికూతురిలా ఉందంటాడు. తిరిగి తెచ్చాక వంగి వంగి చూసి పగుళ్లు లెక్కపెట్టి, పగులుకు ఇంతని దండుగ గుంజుతాడు. కుమ్మరి నూకాలు నిరుడు చేసిన కుండల్లో సగం ఆ పగుళ్ల కిందే పోయాయి.

ఈ ఏడు ఆమె గ్రామపెద్ద ఎదుట బండి తీసుకుని, వీధి మలుపు దాకా తోలి, అక్కణ్ణించే వెనక్కి తిప్పింది.

"నాకొద్దు బాబూ. మీ బండి చూసుకోండి."

పేర్రాజు అలవాటు కొద్దీ వంగాడు. "ఇరుసు పగిలింది, కాడి బీటలిచ్చింది, చక్రాలు వదులయ్యాయి... మొత్తం ఏడు లోపాలు! డెబ్బై కుండలియ్యి."

"వీధి మలుపు దాకా పోయొస్తేనే ఏడా బాబూ?" అంది నూకాలు.

గ్రామపెద్ద పకపకా నవ్వాడు. "అంటే ఇచ్చినప్పుడే ఉన్నాయన్నమాట. పేర్రాజూ, అన్నీ బాగుచేయించి సగం అద్దెకే ఇవ్వు."

నూకాలు గ్రామపెద్దకు దణ్ణం పెట్టి, పేర్రాజు వైపు తిరిగి మనసారా చేతులు జోడించింది.

"మీ మేలు మరవను బాబూ. ఆ రంగు కింద నా కళ్లకు ఒక్కటీ ఆనలేదు. పాపం, మీరే వంగి అన్నీ చూపించారు!"