ఏడాదంతా ఆయుధపూజ

చిత్తూరు జిల్లా నెమిలిగుంట ఐటీఐలో మునిరత్నం అనే మాస్టారు ఉండేవాడు. ఆయనకు పని బాగా వచ్చు గానీ, ఏ పని ఎదురొచ్చినా "ఎందుకొచ్చిన గొడవ" అనే జబ్బు ఉండేది.

ఆ ఊరి చుట్టూ మామిడితోటలే. ఊరి చివర మామిడిగుజ్జు తీసే ఫ్యాక్టరీ ఒకటి ఉండేది. కాపు కాలంలో ఆ ఫ్యాక్టరీ తిరిగితేనే తోటలవాళ్ళకు నాలుగు మెతుకులు. ఫ్యాక్టరీ మిషన్లు బాగుచేసేవాళ్ళు ఊళ్ళోనే తయారు కావాలని, ప్రతిదానికీ కోయంబత్తూరు వైపు చూడకూడదని అక్కడ ఐటీఐ పెట్టారు. పెట్టినవాళ్ళ ఉద్దేశం మంచిదే. ఉద్దేశాలకేం, అవి ఎప్పుడూ మంచిగానే ఉంటాయి.

ఆ ఐటీఐకి ఒక పెద్ద లేత్ మిషన్ వచ్చింది. ఇనుప కడ్డీని గిరగిరా తిప్పుతూ కావలసిన కొలతకు చెక్కే మిషన్ అది. అంత పొడవైనది ఆ చుట్టుపక్కల మరెక్కడా లేదు. అది దిగిన రోజున మునిరత్నం దాని చుట్టూ తిరిగాడు, చేత్తో నిమిరాడు, మురిసిపోయాడు. మర్నాడు ఒక పెద్ద నీలం ముసుగు కుట్టించి దానికి తొడిగేశాడు.

"పిల్లలు ముట్టుకుంటే పాడవుతుంది," అన్నాడు.

ఆయన్ను మరీ తిట్టుకోకండి. వయసులో ఉండగా ఇంకో ఊళ్ళో ఆయన దగ్గర నేర్చుకునే కుర్రవాడి వేలు మిషన్‌లో పడి నలిగింది. విచారణ పెట్టారు. తప్పు మాస్టారిది కాదని చివరకు తేలింది గానీ, తేలేలోగా మనిషి అలిసిపోయాడు. ఆ అలసట మళ్ళీ తీరలేదు. ఎవరూ మిషన్ ముట్టుకోకపోతే ఎవరి వేలూ నలగదు కదా అనుకున్నాడు. అది నిజమే. ఎవరికీ పని కూడా రాదు, అదీ నిజమే. ఈ రెండోది ఆయన ఆలోచించలేదు.

అందుకని పాఠాలన్నీ నల్లబల్ల మీదే సాగేవి. ఆయన సుద్దముక్కతో లేత్ బొమ్మ గీసేవాడు, పిల్లలు దాన్ని చూసి గీసేవారు. కళ్ళు మూసుకుని కూడా ఆ బొమ్మ గీయగలిగే పిల్లలు ఆ బళ్ళో ఉండేవారు. ఏడాదికి ఒక్కసారి, ఆయుధపూజ నాడు మాత్రం ముసుగు తీసేవారు. మిషన్‌కు పసుపు నీళ్ళు చల్లి, గంధం పూసి, కుంకుమ బొట్లు పెట్టి, పూలదండ వేసి, గుమ్మడికాయ కొట్టేవారు. ఆ రోజు పనిముట్లను పనిలో పెట్టకూడదు కదా, అది ఆచారం. పూజ అయిపోగానే మళ్ళీ ముసుగు వేసేవారు.

హేమావతి అనే పిల్ల అక్కడ చదువుతూ ఉండేది. మామిడి రైతు చెంగల్రాయులు కూతురు. ఇంట్లో నీళ్ళ మోటారు ఆగితే విప్పి చూడందే ఆ పిల్లకు అన్నం సహించదు.

"సార్, ఒక్క తూరి మిషన్ ఆన్ చేసి చూపీండి సార్," అని అడిగింది.

"ఎందుకొచ్చిన గొడవమ్మా! బొమ్మ వచ్చింది గదా, చాల్లే."

"బొమ్మ తిరగదు గదా సార్."

"పరీక్షలో తిప్పమని ఎవరూ అడగరులే," అన్నాడు మునిరత్నం.

ఆ ఏడు ఆయుధపూజ నాడు బొరుగులు, శనగపప్పు పంచుతుంటే హేమావతి ఊరుకోలేదు. "పూజ నాడు పనిముట్లకు సెలవంటారు గదా సార్. మన మిషన్‌కు ఏడాదంతా ఆయుధపూజేనా?" అంది. అందరూ పకపకా నవ్వారు. మునిరత్నం కూడా నవ్వాడు. తర్వాత నీరసంగా కుర్చీలో కూర్చుని, "ప్రసాదం తీసుకుని ఇంటికి పో తల్లీ," అన్నాడు.

జూన్ నెల వచ్చింది. కాయ పండింది. ఫ్యాక్టరీ గేటు ముందు తోతాపురి కాయల ట్రాక్టర్లు బారులు తీరాయి. చెంగల్రాయులు ట్రాక్టరు కూడా అందులో ఉంది. ఆ ఏడు అకాలపు వానకు సగం పిందె రాలిపోగా మిగిలిన కాపంతా ఆ ఒక్క ట్రాక్టరులోనే ఉంది.

సరిగ్గా అప్పుడే గుజ్జు తీసే మిషన్‌లో తిరిగే ఇరుసు, అదే షాఫ్టు, విరిగింది. ఫ్యాక్టరీ మొత్తం ఆగిపోయింది.

ఫ్యాక్టరీ మేనేజరు దొరస్వామి ఉదయాన్నే ఐటీఐకి పరుగెత్తుకొచ్చాడు. వెంట విరిగిన షాఫ్టు, ఒక కొత్త ఉక్కు కడ్డీ తెచ్చాడు. "మునిరత్నం గారూ, కోయంబత్తూరు నుంచి షాఫ్టు రావాలంటే నాలుగు రోజులంట. అప్పటికి కాయ ఉంటుందా? మీ లేత్ మీద దీన్ని చెక్కిచ్చేయండి. ఈ రకం ఉక్కు మా దగ్గర ఉండేది ఈ ఒక్క కడ్డీనే," అన్నాడు.

మునిరత్నం నోటి దాకా ఆ పాత మాట వచ్చింది. కిటికీలోంచి చూస్తే రోడ్డు మీద ట్రాక్టర్లు కనిపిస్తున్నాయి. మాట మింగేసి, "ముసుగు తియ్యండి," అన్నాడు.

ముసుగు తీశారు. లోపల మిషన్‌కు బొట్లన్నీ చెక్కుచెదరకుండా ఉన్నాయి. పసుపు నీళ్ళు జారినచోటల్లా తుప్పు. కడ్డీని పట్టుకునే దవడల సందుల్లో గంధం రాయిలా గట్టిపడి ఉంది. దవడలు తెరుచుకోలేదు. ఇన్నేళ్ళు పూజలందుకున్న మిషన్ వరమివ్వడానికి నోరు తెరవలేదన్నమాట.

పిల్లలు కిరోసిన్ పోసి గీకారు. గంధం ఊడేసరికి మిట్టమధ్యాహ్నమైంది. మునిరత్నం ఒంటరిగా అంతా చూసుకోలేకపోయాడు. "ఆ పిడి తిప్పండ్రా," అంటే పిల్లలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఆ పిడి పేరు అందరికీ తెలుసు. ఎటు తిప్పాలో, ఎంత బలంగా తిప్పాలో ఎవరికీ తెలియదు. హేమావతి ముందుకొచ్చి చెయ్యి వేసింది గానీ, తిప్పకుండా మాస్టారి వైపు చూసింది.

మిషన్ కదిలింది. కడ్డీ తిరిగింది. మునిరత్నం చేతులకు పాత పని నెమ్మదిగా గుర్తుకొచ్చింది. ఇనుప పొట్టు చుట్టలు చుట్టలుగా రాలుతుంటే పిల్లలు నోళ్ళు తెరుచుకుని చూశారు. పని ముప్పాతిక వంతు అయింది. అంతలో కడ్డీని చెక్కే ఉలి, తను జారే పట్టాల మీది తుప్పు గరుకు దాటుతూ ఎగిరిపడింది. షాఫ్టులోకి లోతుగా దిగిపోయింది. మునిరత్నం గబుక్కున మిషన్ ఆపాడు గానీ, అప్పటికే జరగాల్సింది జరిగిపోయింది. కోసిన ఇనుము మళ్ళీ అతుక్కోదు.

దొరస్వామి షాఫ్టు చూశాడు. కండువాతో ముఖం తుడుచుకుని, కోయంబత్తూరుకు ఫోను చేశాడు.

నాలుగో రోజుకు కొత్త షాఫ్టు వచ్చింది. అప్పటికే ఎండకు కాయ కుళ్ళి, ట్రాక్టర్లలోంచి రసం కారుతోంది. రైతులు కాయలను రోడ్డు పక్కన పారబోశారు. ఊరంతా తియ్యటి కంపు. మునిరత్నం ఆ దారినే బడికి వెళ్తూ చెంగల్రాయులు ముందు ఆగిపోయాడు. ఆ రైతు చేటంత చేతులతో కాయలను కిందికి తోస్తున్నాడు.

"చెంగల్రాయులూ, నన్ను తిట్టు," అన్నాడు మునిరత్నం.

"తిట్టేకి ఏముంది సామీ. కాయ మన కోసరం కాచుకోని ఉండదు గదా," అన్నాడు చెంగల్రాయులు. తల ఎత్తకుండానే అడిగాడు. "ఒక్కటే అడగతా సామీ. ఏడాదంతా బిడ్డను మీ కాడికి పంపితిని. ఏం నేర్చుకునిందని?"

మునిరత్నం ఎండలో నిలబడ్డాడు. సిగ్గుతో ఆయనకు కళ్ళు నిండిపోయాయి. గొడవ వద్దనుకుని తప్పించుకున్న పనంతా కుప్పగా రోడ్డు పక్కన పడి కుళ్ళుతోందని ఆయనకు ఆ క్షణంలో తెలిసింది.

బడికి వెళ్ళగానే ఆయన నీలం ముసుగును పరపరా చింపాడు. నూనె తుడుచుకునే గుడ్డలుగా పిల్లలకు తలా ఒకటి ఇచ్చి, మిషన్ తుప్పంతా తోమించాడు. చెడిపోయిన షాఫ్టును మిషన్‌కు బిగించి, "హేమావతీ, రామ్మా. ముందు జడ ముడేసుకో. గాజులు తీసి పక్కన పెట్టు. భయపడు, కానీ చెయ్యి మాత్రం తీయకు. నేను పక్కనే ఉంటా," అన్నాడు.

"చెడిపోతే సార్?"

"చెడిపోయిందే గదమ్మా ఇది. ఇంకేం చెడుతుంది?"

ఆ తర్వాత ఆయనేమీ కుర్రవాడైపోలేదు. అలసట అలాగే ఉండేది. సాయంత్రానికి నడుము పట్టేసేది. ఒక్కొక్కరి చెయ్యి పక్కన తన చెయ్యి పెట్టి నిలబడేవాడు. ఎవరి వేలూ నలగలేదు, ఎందుకంటే ఆయన కళ్ళు మిషన్ మీదే ఉండేవి. "అమ్మయ్య, ఈ పూట గడిచింది," అని ఇంటికి పోయేవాడు.

మళ్ళీ ఆయుధపూజ వచ్చింది. మిషన్ నూనె మరకలతో నల్లగా, అక్కడక్కడ గీతలు పడి ఉంది. హేమావతి దానికి ఒకే ఒక్క బొట్టు పెట్టింది, అదీ దవడలకు దూరంగా. "దీనికి ఈ పొద్దు నిజంగా సెలవు సార్," అంది. మునిరత్నం బల్ల మీద కూర్చుని బొరుగులు తింటూ, "నాక్కూడా," అన్నాడు.

తర్వాతి జూన్‌లో ఫ్యాక్టరీలో మరో షాఫ్టు విరగనే విరిగింది. మిషన్లన్నాక విరుగుతాయి. దొరస్వామి కోయంబత్తూరుకు ఫోను చేయలేదు. ఐటీఐకి వచ్చాడు. హేమావతి షాఫ్టు చెక్కింది, మునిరత్నం చేతులు కట్టుకుని పక్కన నిలబడ్డాడు. సాయంత్రానికి ఫ్యాక్టరీ తిరిగింది. ట్రాక్టర్లు ఒక్కొక్కటే లోపలికి కదిలాయి. చెంగల్రాయులు కాయ కూడా లోపలికి వెళ్ళింది. పోయిన ఏటి పంట మాత్రం ఎవరూ తిరిగి తెచ్చివ్వలేదు.

నీతి: పాడవుతుందని దాచిన పనిముట్టుకు తుప్పే పడుతుంది, బడి చేతికి పని నేర్పితేనే ఆపదలో ఊరికి అక్కరకొస్తుంది.