గాజు తెడ్ల జీవి

అప్పలాచార్యులు మాస్టారిని శిష్యులు ఏదైనా అడిగితే ముందు కళ్ళద్దాలు తీసి తుడుచుకునేవారు. ఎంతసేపు తుడిస్తే జవాబు అంత దూరం నుంచి వస్తోందని అర్థం.

భీమిలి ఒడ్డున ఆయన నడిపే చిన్న ప్రయోగశాలకు ఒక ఉదయం, ఆయన దగ్గర పరిశోధన చేస్తున్న మందాకిని గాజుగిన్నె పట్టుకొచ్చింది. "మూడేళ్ళుగా కొత్త జాతి అని నేను రాస్తున్న ముళ్ళపీత ఇదే మాస్టారూ. తెల్లారేసరికి పెంకు విడిచింది, ముళ్ళూ పోయాయి. రోజూ వలల్లో పడే మామూలు పీత పిల్లే. సోమవారం థీసిస్ ఇవ్వాలి. ఇంకెవరూ చూడలేదు. చెప్పాలంటారా?"

మాస్టారు చాలాసేపే తుడిచారు.

"డెన్మార్కులో హోల్ము అని ఒకాయన ఉండేవాడమ్మా" అని మొదలుపెట్టారు.

పాతికేళ్ళ వయసులో, సముద్రమేదో ఆకాశమేదో తెలియని మంచుపూట, ఆ హోల్ము సన్నటి వలతో ఒక జీవిని పట్టాడట. ఆవగింజంత ఒళ్ళు, ఎనిమిది గాజు తెడ్లు. అది నీళ్ళలో ఉందో తన కంట్లో ఉందో ఆయనకే తేలలేదు. దానికి పేరు పెట్టాడు. మొదట వర్ణించినవాడి పేరును జీవి పేరు వెనకే రాయడం ఆ శాస్త్రంలో ఆచారం. అలా నలభై ఏళ్ళు పుస్తకాల్లో అది ఎక్కడికి వెళితే హోల్ము అక్కడికి వెళ్ళాడు. ఆచార్య పదవి, పతకం, అన్నీ దాని చలవే.

అన్నేళ్ళూ సీసాల్లో చచ్చినవాటినే చూశాడు. ముసలితనంలో ఒకదాన్ని కిటికీ పక్కన గిన్నెలో పెంచాలనిపించింది. రోజూ పొద్దున్నే రేవుకు నడిచి నీళ్ళు తెచ్చి మార్చేవాడు. ఇరవయ్యో రోజున చూస్తే తెడ్లు లేవు. గిన్నె అడుగున బుల్లి నక్షత్రచేప పాకుతోంది. ఆ రేవు రాళ్ళ నిండా ఉండే రకమే.

"పసిబిడ్డను చూసి వేరే జాతి అనుకున్నాను" అన్నాడు భార్యతో.

"గిన్నె ఇలా ఇవ్వండి, కడిగేస్తాను. ఎవరికి తెలుస్తుంది?" అందావిడ.

"నాకు ఇప్పుడే తెలిసింది. కాసేపు ఉండనీ."

మధ్యాహ్నం దాకా దాన్నే చూస్తూ కూర్చుని, ఆ తరవాత శాస్త్ర పత్రికకు ఉత్తరం రాశాడు: నేను పేరు పెట్టిన జీవి ఏదీ లేదు, అది నక్షత్రచేప బాల్యం.

"మరి ఆయన పేరు?" అంది మందాకిని.

"పుస్తకాల్లోంచి కొట్టేశారు."

"అయితే చివరికి ఆయనకేం మిగిలింది మాస్టారూ?"

మాస్టారు కళ్ళద్దాలు పెట్టుకుని ఆమె గిన్నె మీదికి వంగారు.

"మర్నాడు పొద్దున్న కూడా ఆ బుల్లి నక్షత్రచేప కోసం రేవుకు నీళ్ళకు వెళ్ళాడట. దీని పెంకు ఇంకా మెత్తగానే ఉన్నట్టుందమ్మా. నీళ్ళు మార్చావా?"