ముప్పైనాలుగు ముడులు

ఒంటెద్దు బండి మీద ఉప్పమ్ముకునే గవరమ్మకు నా అన్నవాళ్లు లేరు. ఒక గది ఇల్లయినా కట్టుకుందామని రాజుగారి ఖజానాకు అప్పుకెళ్లింది.

"ఇల్లా, నీకా?" అని నవ్వాడు ఖజానాదారు. "ముందు బండి అప్పు తీర్చు. లేదా నిన్నెరిగినవాళ్లను తీసుకురా."

తీర్చేంత డబ్బు గవరమ్మ కొంగున ఉంది. అయినా విప్పలేదు. ఆ ఖజానాలో వాయిదా కట్టినప్పుడల్లా తాడుకో ముడి వేసేవారు. అప్పు తీరగానే తాడు కాల్చేసేవారు.

గవరమ్మ గోడకున్న తన తాడు చూపించింది.

"ముప్పైనాలుగు నెలలు, ముప్పైనాలుగు ముడులు. ఇవాళ తీర్చేస్తే కాల్చేస్తారు. రేపు నిన్ను నమ్మేదెలాగని మీరే అడుగుతారు. ఈ ఊళ్లో నన్నెరిగింది ఆ తాడొక్కటే దొరా."

ఖజానాదారు ముడులు లెక్కపెట్టి, అప్పు రాసిచ్చాడు.

గృహప్రవేశానికి పిలవడానికి ఎవరూ లేక, గవరమ్మ తన ఎద్దునే ముందు నడిపించింది.