అరువు గొంతు

ఓబులేసు ఏ తోలుబొమ్మ పట్టుకున్నా ఒకటే గొంతు పలికేది.

హనుమంతుణ్ణి ఆడించినా, దశరథుణ్ణి ఆడించినా, చివరికి శూర్పణఖను ఆడించినా తెర మీద ఒక సినిమా హీరోయే మాట్లాడేవాడు. మాటకు ముందు కాస్త ఆగడం, ముక్కుతో గాలి వదలడం, ఆ తర్వాత గొంతు కిందికి దించి రెండు ముక్కలు. జనం మొదట్లో నవ్వారు. తర్వాత ఈలలు వేశారు. రాముణ్ణి అడవికి పంపలేక దశరథుడు ఏడ్చే చోట కూడా ఈలలు పడేసరికి, నాగోజీ అతని చేతిలోంచి బొమ్మ తీసుకుని మద్దెల ముందు కూర్చోబెట్టాడు.

నాగోజీకి డెబ్బై ఏళ్ళు. ధర్మవరం పక్క పల్లెలో తరతరాలుగా మేకతోలుతో బొమ్మలు చేసి ఆడించే ఇంట్లో పుట్టినవాడు. ఓబులేసు ఆ ఇంటివాడు కాదు, మగ్గం నేసేవాళ్ళ బిడ్డ. పద్నాలుగో ఏట ఒక జాతరలో బొమ్మలాట చూసి, మర్నాడు తిండి మానేసి వచ్చి ఈ ముసలాయన దగ్గర చేరాడు. ఇప్పుడు ఇరవై ఏళ్ళు. పని వచ్చు, చేతివాటం ఉంది. ఆ గొంతొక్కటే వదలలేదు.

ఆ రోజు పొద్దున అతను వచ్చి, లోపలికి రాకుండా బయటే నిలబడ్డాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"ఏమప్పా, అట్ల నిలబడినావు?"

"నాకు భయంగా ఉండాది తాతా."

"ఎవరంటే?"

"నేనంటేనే."

నాగోజీ చేతిలోని ఉలి కింద పెట్టాడు.

మూడు రోజుల కింద జరిగిందట. ఓబులేసు చెల్లెలు రేణుక ఇంటర్ చదువుతోంది. కాలేజీ బస్సు దిగి తోటి పిల్లవాడితో నవ్వుతూ మాట్లాడుతూ వస్తుంటే ఇతను చూశాడు. ఆ పిల్ల ఇల్లు చేరేసరికి తలుపుకు అడ్డంగా నిలబడ్డాడు. ఒక భుజం వంచాడు. ఆగాడు. ముక్కుతో గాలి వదిలాడు. "మా ఇంటి ఆడపిల్ల నవ్వాలన్నా నన్నడిగే నవ్వాల" అన్నాడు. చెయ్యి ఎత్తాడు.

"కొట్టినావా?"

"లేదు తాతా. చెయ్యి ఆడనే నిలిచిపాయె. కానీ... ఆ పిల్ల గోడకు అతుక్కుపోయింది. నన్ను చూసి వణికిపోయింది. అప్పుడు నాకు లోపల బాగనిపించింది తాతా. ఈలలు వినపడినట్టు అనిపించింది. అదే నాకు భయం."

ఓబులేసు ఆగలేక అంతా కక్కేశాడు. నాన్న మగ్గం మీద నుంచి తల ఎత్తలేదు. మేనమామ అయితే, ఇప్పుడు మగోడివనిపించుకున్నావురా అని వీపు తట్టాడు. రేణుక మర్నాటి నుంచి కాలేజీకి పోవడం మానేసింది. రేపు ప్రాక్టికల్ పరీక్ష. పోకపోతే ఒక ఏడాది మట్టిలో కలిసినట్టే. పొమ్మని ఇతనే చెప్పబోతే, గొంతు వినగానే వంటింట్లోకి పోయి తలుపేసుకుంటోంది.

"ఎనిమిదేండ్ల నుంచి ఫోన్లో ఆ మనిషినే చూస్తాండా తాతా. ఆ నడక, ఆ చూపు, ఆ మాట. రోజుకు నూరు సార్లు. ఇప్పుడు తీసి పారేద్దామంటే, దాని కింద నాదంటూ ఏముందో నాకు తెలీడం లేదు. ఏమీ లేకపోతే ఏం చేయాల?"

అడిగి ముసలాయన మొహంలోకి చూశాడు. సినిమాలను తిడతాడనుకున్నాడు. ఫోను పగలగొట్టమంటాడనుకున్నాడు. నాగోజీ అలాంటివాడు కాదు. వయసులో ఉన్నప్పుడు ఒకే సినిమా పదకొండు సార్లు చూసి, ఇంట్లో చీపురు దెబ్బలు తిన్నవాడే.

"లోపలికి రా," అని మాత్రం అన్నాడు.

పట్టపగలే కిటికీలు మూశాడు. తలుపు వేశాడు. తెల్లగుడ్డ బిగించి కట్టి, వెనక బల్బు వెలిగించాడు. పెట్టెలోంచి జానెడు చెలికత్తె బొమ్మ తీసి ఓబులేసు చేతిలో పెట్టాడు. ఆడించేవాళ్ళు చిన్నచూపు చూసే బొమ్మ అది. రాణి వెనక నిలబడడం తప్ప దానికి పని ఉండదు. తానేమో నిలువెత్తు మీసాల బొమ్మ ఒకటి తీసుకున్నాడు.

"ఆ బొమ్మ నీ చెల్లెలు. ఇది నువ్వు," అన్నాడు.

వాళ్ళ ఆటలో ఒక కట్టుబాటు ఉంది. బొమ్మను పట్టుకున్నవాడే దాని మాట మాట్లాడాలి. కాలికింద చెక్కపలక మోగిందంటే ఘట్టం అయిపోయేదాకా బొమ్మను దించకూడదు, ఎవరూ నడుమ లేచిపోకూడదు. ఆడించేవాడి తండ్రి పోయినా సరే.

నాగోజీ పలక మీద కాలు తాటించాడు.

మీసాల బొమ్మ తెర మీదికి వచ్చింది. ఒక భుజం వంచింది. ఆగింది. ముక్కుతో గాలి వదిలిన చప్పుడైంది.

"మా ఇంటి ఆడపిల్ల నవ్వాలన్నా నన్నడిగే నవ్వాల."

అది ముసలివాడి గొంతు కాదు. అచ్చం ఓబులేసు గొంతే. తన గొంతు బయటి నుంచి వినడం అతనికి అదే మొదటిసారి. మాటలోని పొగరు, గొంతు కిందికి దించి తెచ్చుకున్న ఆ బరువు, అంతా అలాగే ఉంది. ఎంత చెడ్డగా ఉందో అతనికి చెప్పనక్కర్లేకపోయింది.

చెలికత్తె ఇప్పుడు మాట్లాడాలి. ఓబులేసు నోరు తెరిచాడు. మాట దొరకలేదు. తను చూసిన వేల వీడియోల్లో ఎదుటి మనిషి ఏమంటుందో అతనెప్పుడూ వినలేదు. హీరో మాట అవగానే ఈల పడుతుంది, వీడియో అయిపోతుంది. ఇక్కడ అయిపోవడం లేదు.

నాగోజీ మీసాల బొమ్మను తెర నుంచి మెల్లగా బల్బు వైపు వెనక్కి జరిపాడు. బల్బుకు దగ్గరైతే నీడ పెరుగుతుందని ఓబులేసుకు తెలుసు. ఆరేళ్ళలో తన చేత్తో ఎన్నోసార్లు చేసిన పనే. అయినా నీడ పెరిగి పెరిగి తెర పైఅంచును దాటేసరికి అతను ఒక అడుగు వెనక్కి వేశాడు. ఆ నల్లటి నీడ చెలికత్తె మీద పడింది. దాని చెయ్యి పైకి లేచింది.

"పలకవేమి? నిన్నే," అంది ఓబులేసు గొంతు.

చెలికత్తె బొమ్మ వణకసాగింది. వెదురుపుల్లలు ఒకదానికొకటి తగిలి టకటకమన్నాయి. ఆపాలని అతను మణికట్టు బిగించాడు. ఇంకా వణికింది. దించేద్దామంటే ఆట నడుస్తోంది. లేచిపోదామంటే తలుపు మూసి ఉంది.

"రికార్డు... రికార్డు బుక్కు ఇచ్చినాడన్నా," అంది చెలికత్తె. "అంతేనన్నా. వేరేదేం లేదన్నా. కొట్టొద్దన్నా, నేను ఇంగ నవ్వను."

సన్నగా, విరిగిపోయినట్టు వచ్చింది ఆ గొంతు. ఆరేళ్ళలో ఓబులేసు నోట నాగోజీ ఎన్నడూ వినని గొంతు. మద్దెల లేదు, ఈల లేదు. గదిలో పుల్లల చప్పుడొక్కటే మిగిలింది.

నాగోజీ బల్బు ఆర్పి తలుపు తీశాడు. ఎండ లోపలికి పడింది. ఓబులేసు అక్కడే కూలబడి ఉన్నాడు, గడ్డం మీదుగా కన్నీళ్ళు కారుతున్నాయి. చేతిలో బొమ్మ ఇంకా కదులుతూనే ఉంది.

ముసలాయన వంగి, అతని వేళ్ళు ఒక్కొక్కటే విడదీసి బొమ్మను తీసుకున్నాడు. దాని జడ సవరించి మేకుకు తగిలించాడు.

"భయమయిందా?"

"అయింది తాతా."

"ఇది మేకతోలప్పా. ఆట అయిపోయింది, తగిలించేసినా," అన్నాడు నాగోజీ. "ఆ పిల్లకు మూడు దినాల నుంచి ఇంకా అయిపోలేదు."