చలిలోయలో బదులు పలికిన గొంతు

అనగనగా ఒక అడవి. ఆ అడవి చివర, ఎండ సరిగ్గా పడని చోట, చలిలోయ అని ఒక లోయ ఉండేది. లోయ మధ్యలో ఒక జలపాతం. జలపాతం వెనక ఒక గుహ. ఆ గుహలోకి మాత్రం ఎవరూ వెళ్ళేవారు కాదు.

వానలు వెనకబట్టగానే అడవిలోని జంటలన్నీ చలిలోయకు విహారానికి వెళ్ళేవి. గూడు కట్టే పని లేదు, పిల్లల గోల లేదు. మేడిపళ్ళు తినడం, తుంపర్లలో తడవడం, రెక్కకు రెక్క ఆనించుకుని కూర్చోవడం. అంతే పని. తిరిగొచ్చాక ఏడాదంతా ఆ కబుర్లే. వినేవాళ్ళకు చెవులు నొప్పి పుట్టేవి!

ఆ అడవిలోనే సింగారి అనే గోరింక ఉండేది. మంచి మాటకారి. అది గలగలా నవ్విందంటే చెట్టు కింద కునికే కుందేళ్ళు కూడా లేచి నవ్వేవి. కానీ దానికి ఇంకా జోడు కుదరలేదు.

గోరింకల ఇళ్ళల్లో ఒక ఆచారం ఉంది. పెళ్ళిచూపులకు వచ్చిన మగ గోరింక, ఆడ గోరింక ఏ మాటంటే ఆ మాట తిరిగి అనాలి. అన్నాడా, సంబంధం కుదిరినట్టే. సింగారి దగ్గరకు ముగ్గురు వచ్చారు. మొదటివాడు సగం మాట మింగేశాడు. రెండోవాడు రాగం తప్పాడు. మూడోవాడు అంతా బాగానే అప్పజెప్పాడు. కానీ చివర్లో, "ఇంతకీ నువ్వు పొద్దున ఏమైనా తిన్నావా?" అని సొంత మాట ఒకటి కలిపాడు.

"నా మాట నాకు చెప్పమంటే మధ్యలో నీ పెత్తనం ఏమిటి?" అంది సింగారి. అతన్నీ పంపేసింది. దాని ముక్కు మీద కోపం ఉందే, అది చిన్నది కాదు పిల్లలూ.

ఆ ఏడు విహారానికి బయల్దేరుతూ పావురాల జంట సింగారి కొమ్మ దగ్గర ఆగింది.

"చిలకా గోరింకా అంటారు. పాపం, ఈ గోరింకకు చిలకా లేదు, గోరింకా లేదు!" అంది ఆడ పావురం. మగ పావురం కిచకిచా నవ్వింది.

సింగారికి ఒళ్ళు మండిపోయింది. "ఎవరు చెప్పారు లేడని? నా పెళ్ళికొడుకు నేరుగా చలిలోయకే వస్తున్నాడు. అక్కడే చూద్దురుగాని!" అనేసింది. అనడం అనేసింది గానీ, ఇప్పుడు పెళ్ళికొడుకును ఎక్కడినుంచి తేవాలి?

చలిలోయలో ఎక్కడ చూసినా జంటలే. ఒక్క తీతువు పిట్ట మాత్రం ఏటి మధ్య బండ మీద, కాళ్ళు నీళ్ళలో పెట్టుకుని, ఒంటరిగా కూర్చుని ఉంది.

"పెద్దమ్మా, నీకూ ఎవరూ లేరా?" అని అడిగింది సింగారి.

"ఎందుకు లేరమ్మా? మా ఆయన నిక్షేపంగా ఇంట్లో ఉన్నాడు. ఆయనకు ఈ నీళ్ళ హోరు పడదు. నాకేమో అదంటేనే ప్రాణం. అందుకే ఏటా నేనొక్కదాన్నే వస్తాను."

"ఒక్కదానివే వస్తే నలుగురూ ఏమనుకుంటారు?"

"మా ఆయనకు లేని బాధ వాళ్ళకేమిటి? కందకు లేని దురద కత్తిపీటకెందుకు?" అని తీతువు హాయిగా కాళ్ళు ఆడించింది. తర్వాత గొంతు తగ్గించింది. "ఒక్కటి విను తల్లీ. సాయంత్రం మంచు దిగాక ఆ జలపాతం వైపు తిరిగి మాట్లాడకు. అక్కడ ఏదో ఉంది. జంటలు ఒకరితో ఒకరు మాట్లాడుకుంటారు, దాన్ని పట్టించుకోరు. నేను ఊరికే కూర్చుంటాను, నన్నది పట్టించుకోదు. తోడు కోసం వెతుక్కునే గొంతు కోసమే అది కాచుకుని ఉంటుంది."

సింగారి మూతి తిప్పుకుంది. తీతువు నోట మంచిమాట ఎప్పుడు వచ్చింది గనక, అనుకుంది.

సాయంత్రమైంది. మంచు దిగింది. పక్క కొమ్మ మీద పావురాలు గుసగుసలాడుకుంటున్నాయి. సింగారికి ఏడుపు వచ్చింది. జలపాతం వైపు తిరిగి, "ఎవరైనా ఉన్నారా?" అంది.

"ఎవరైనా ఉన్నారా?" అంది నీళ్ళ వెనకనుంచి ఒక గొంతు.

సింగారి ఉలిక్కిపడింది. మాట మింగలేదు. రాగం తప్పలేదు. పరీక్ష పెడదామని, గుక్క తిప్పుకోకుండా పొడుగాటి మాట ఒకటి అంది. ఆ గొంతు ఉన్నదున్నట్టు అప్పజెప్పింది. సొంత మాట ఒక్కటి కలపలేదు. సింగారి పట్టలేని సంతోషంతో గలగలా నవ్వింది. నీళ్ళ వెనక కూడా అదే నవ్వు. తెల్లటి నీటి తెర వెనక ఒక నల్లని రూపం, పసుపు ముక్కు లీలగా కనిపించాయి.

"సంబంధం కుదిరింది!" అంది సింగారి.

"సంబంధం కుదిరింది!" అంది ఆ గొంతు.

మర్నాడు పొద్దున పావురాలు ఏదో జోకు వేసుకున్నాయి. సింగారి నవ్వబోయింది. నోరు తెరుచుకుంది గానీ నవ్వు రాలేదు. ఎంత ప్రయత్నించినా రాలేదు. 'పోనీలే, ప్రేమంటే ఇచ్చిపుచ్చుకోవడమే కదా' అని సర్దుకుంది.

ఆ సాయంత్రం తనకు వచ్చిన పాటలన్నీ జలపాతానికి పాడింది. ఆ గొంతు అన్నీ తిరిగి పాడింది. తెల్లవారేసరికి సింగారి దగ్గర ఒక్క పాట కూడా మిగల్లేదు. పావురాలు దాన్ని ఎగాదిగా చూశాయి.

"నీ పెళ్ళికొడుకు ఏడీ? నిన్న నువ్వు ఉత్త నీళ్ళతో మాట్లాడుతున్నావు. అక్కడ ఎవరూ లేరే!" అంది మగ పావురం. దాని గొంతులో ఈసారి వెటకారం లేదు, భయం ఉంది.

"మీకు కన్నుకుట్టు," అంది సింగారి.

మూడో సాయంత్రం మంచు ఎప్పటికన్నా దట్టంగా దిగింది. సింగారి జలపాతం దగ్గరకు వెళ్ళి నోరు తెరిచింది. కానీ ఇంకా ఏమీ అనకముందే, లోపలినుంచి మాట వచ్చింది.

"సింగారీ!"

ఆ పేరు తను అక్కడ ఎన్నడూ చెప్పలేదు. 'నా పేరు నీకెలా తెలుసు?' అని అడగబోయింది. నోట్లోంచి మాత్రం, "సింగారీ!" అనే వచ్చింది.

"లోపలికి రా," అంది ఆ గొంతు.

"లోపలికి రా," అంది సింగారి. అనకూడదనుకుంటూనే అంది. కాళ్ళు వాటంతటవే కదిలాయి. నీటి తెర దాటి గుహలో అడుగుపెట్టింది.

లోపల పెళ్ళికొడుకు లేడు. ఒక తడి బండ ఉంది. ఆ బండకు ఎప్పటివో ఈకలు అంటుకుని ఉన్నాయి. పచ్చవి, నీలివి, గోధుమరంగువి. ఒక్కో ఈక దగ్గరనుంచి ఒక్కో గొంతు సన్నగా, "ఎవరైనా ఉన్నారా? ఎవరైనా ఉన్నారా?" అంటోంది. సింగారికి అప్పుడు అర్థమైంది. ఇన్నాళ్ళూ తనకు బదులివ్వలేదది. తనను కొంచెం కొంచెంగా తింటోంది.

"ఇక్కడే ఉండిపోతాను, అను," అంది బండ. ఇప్పుడు దానిది అచ్చం సింగారి గొంతే.

"ఇక్కడే..." అని సింగారి నోరు మొదలుపెట్టింది.

అప్పుడు నీటి తెర చీల్చుకుని తీతువు లోపలికి దూసుకొచ్చింది. అది ఒక్క మాట మాట్లాడలేదు. తన ఒక రెక్కతో సింగారి ముక్కును గట్టిగా మూసింది. రెండో రెక్కను, కదలవద్దన్నట్టు, దాని వీపు మీద వేసింది. అలాగే పక్కన కూర్చుంది.

బండ మళ్ళీ పిలిచింది. జవాబు రాలేదు. బుజ్జగించింది. జవాబు రాలేదు. ఆఖరికి ఏడ్చింది. "నన్ను ఒంటరిగా వదిలేయకు. నాకెవరూ లేరు," అని సింగారి గొంతుతోనే వెక్కివెక్కి ఏడ్చింది. తన ఏడుపు తనకే ఎదురుగా వినబడుతుంటే బదులివ్వకుండా ఉండడం ఎంత కష్టం! కాసేపటికి తీతువు మెల్లగా రెక్క తీసేసింది. ఇక ఆ ముక్కును తెరవాలో మూయాలో సింగారే తేల్చుకోవాలి.

సింగారి మూసుకునే ఉంది. తనతో తను, నిశ్శబ్దంగా, అలాగే కూర్చుంది.

కొండగాలి లేచింది. మంచు విచ్చుకుంది. బండ మీది గొంతులు ఒక్కొక్కటీ ఆగిపోయాయి. రెండు పిట్టలూ బయటకు వచ్చేసరికి చీకటి ఇంకా పడనేలేదు.

"పెద్దమ్మా," అంది సింగారి. అది సొంత మాట. మాటలు తిరిగి వచ్చాయి. ఒకటీ అరా పాటలు కూడా మర్నాటికి గుర్తొచ్చాయి. నవ్వు మాత్రం రాలేదు.

సింగారి వెంటనే ఇంటికి పారిపోలేదు. మిగిలిన విహారమంతా తీతువు పక్క బండ మీద కాళ్ళు నీళ్ళలో పెట్టుకుని కూర్చుంది. నచ్చినప్పుడు తింది, నచ్చినప్పుడు నిద్రపోయింది. పావురాలు వచ్చి, "పెళ్ళికొడుకు?" అని అడిగితే, "లేడు. అబద్ధం చెప్పాను. ఒక్కదాన్నే వచ్చాను," అంది. పావురాలు చెరో మేడిపండు తెచ్చి దాని ముందు పెట్టి వెళ్ళాయి.

ఆఖరి సాయంత్రం మంచు దిగింది. జలపాతం వెనకనుంచి ఎవరో గలగలా నవ్వారు. చెట్ల మీది జంటలన్నీ మాటలాపి విన్నాయి. అంత చక్కటి నవ్వు అవి ఎన్నడూ వినలేదు.

సింగారి కూడా వింది. అది తన నవ్వే. పిలిస్తే వచ్చేలాగే ఉంది.

సింగారి బదులివ్వలేదు.

నీతి: మన మాటనే మనకు తిరిగి చెప్పేది తోడు కాదు, నలుగురి కోసం అలాంటి తోడును వెతుక్కోవడం కన్నా, మనతో మనం హాయిగా ఉండడం మేలు.